నీళ్ళు పడకముందే మోటారు

ఆ కొటేషన్ కాగితాన్ని మా చిన్నాయన రెండుసార్లు చదివాడు, మొదట కళ్ళజోడు లేకుండా, తర్వాత పెట్టుకుని. పోయిన సంక్రాంతికి చంద్రశేఖరపురంలో మా ఇంటి అరుగు మీద జరిగిన సంగతి ఇది. రెగ్యులేటర్ సెట్ 92,000. గాలి జాకెట్, అంటే డైవర్లు బీసీడీ అనేది, 78,000. చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ 54,000. ఒంటికి వెట్‌సూట్ 17,500, కాళ్ళకు ఫిన్స్ 14,000, ముఖానికి మాస్క్ 8,500. వెరసి 2,64,000 రూపాయలు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "ఏందిరా అబ్బాయా, ఇది మన నాలుగో బోరు లెక్క ఉందే!" అన్నాడు.

నాలుగో బోరు కథ మా వీధిలో అందరికీ తెలుసు. ఉన్న మూడు బోర్లూ వట్టిపోయి బత్తాయి చెట్లు వాడిపోతుంటే చిన్నాయన నాలుగోది వేయించాడు. బోరు బండి ఇంకా ఊళ్ళోకి రాలేదు, ఈయన టౌనుకు పోయి మోటారు, పైపులు, కేబులు, స్టార్టరు పెట్టె అన్నీ కొనుక్కొచ్చాడు. తోట బతకాలనుకునేవాడు మోటారు దగ్గర పిసినారితనం చేయకూడదని షాపతను చెప్పాడట. 850 అడుగులు పోయినా దుమ్ము లేచిందే గానీ చెమ్మ తగల్లేదు. ఆ మోటారు గోనెపట్టా చుట్టుకుని పశువుల కొట్టంలో ఇప్పటికీ పడుంది.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. మూడేళ్ళ కిందట అండమాన్‌లో స్కూబా నేర్చుకున్నాను. సముద్రానికి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన, ఫ్లోరైడు భయంతో క్యాను నీళ్ళు కొనుక్కు తాగే ప్రాంతంలో పుట్టినవాడికి సముద్రం అడుగున ఏం పని అంటారేమో. భైరవకోన జలపాతం కింద తల పెట్టడానికి ఏడాదంతా కాచుకుని కూచున్న పిల్లలం మేము. నీళ్ళ మీద మాకున్నంత మోజు గోదావరి గట్టున పుట్టినవాళ్ళకు ఉండదు. ఆ సంగతి ఇంకోసారి. ఇప్పుడు నా తగాదా ఒక్క మాటతో. డైవింగ్ నేర్పేవాళ్ళు, నేర్చుకున్నవాళ్ళు, సామాను అమ్మేవాళ్ళు ముగ్గురూ ఒకే గొంతుతో అనే మాట అది. "ప్రాణం కంటే ఎక్కువా?"

వాళ్ళ వాదనను వక్రీకరించకుండా చెబుతాను. నీటి అడుగున నీ ప్రాణం ఒక రబ్బరు గొట్టం చివర వేలాడుతుంటుంది. అద్దె సామాను పదిమంది నోట్లో పెట్టుకున్నది, ఎవరెట్లా వాడారో తెలియదు. సొంతదైతే ఏ మీట ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా చేతికి తగులుతుంది. చవకది కొంటే రెండేళ్ళకు విసుగొచ్చి మళ్ళీ కొంటావు, అదేదో మొదటే మంచిది కొను. కాబట్టి కోర్సు ముగియగానే, నీ తాహతుకు మించి రవ్వంత పైనే అయినా, ఉన్నవాటిలో మేలైన సెట్టు కొనెయ్. ఇదీ వాదన. ఇందులో ప్రతి వాక్యంలోనూ కాస్త నిజం ఉంది. చివరి వాక్యం మాత్రం ఆ నిజాల్లోంచి పుట్టింది కాదు. అమ్మకంలోంచి పుట్టింది.

"ప్రాణం కంటే ఎక్కువా" అనేదాన్ని ప్రశ్న అనుకుంటాం గానీ అది ప్రశ్న కాదు. ప్రశ్నకు రెండు జవాబులైనా ఉండాలి. దీనికి ఒక్కటే. ఐసీయూ బయట కాగితాల మీద సంతకం పెట్టించుకునేటప్పుడు ఇదే మాట వింటాం. ఇంటర్ కాలేజీ ఫీజు కౌంటర్ దగ్గర కాస్త మార్చి "పిల్లల భవిష్యత్తు కంటే ఎక్కువా" అంటారు. ఆ మాట వినబడగానే మనిషి జమాఖర్చుల పుస్తకం మూసేస్తాడు, ఇంకా లెక్క చూడడం పాపమన్నట్టు. నేను అడిగేది పెద్దదేమీ కాదు, పుస్తకం తెరిచి ఉంచమనే. ప్రాణం మీద ఖర్చుపెట్టొద్దనడం లేదు. ఆ ఖర్చు ప్రాణానికి చేరుతోందా, షోరూము అద్దెకు చేరుతోందా చూడమంటున్నాను.

ముందు ఆ 92,000 సంగతి. రెగ్యులేటర్ అంటే మాయ యంత్రం కాదు. సిలిండర్లో గాలి 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. సిలిండర్ మెడకు బిగించే మొదటి దశ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్లు ఎక్కువ దగ్గరికి దించుతుంది. నోట్లో పెట్టుకునే రెండో దశలో పల్చటి రబ్బరు పొర, దాని వెనక చిన్న మీట, ఒక వాల్వు. మనం పీలిస్తే పొర లోపలికి వంగి మీటను నొక్కుతుంది, గాలి వస్తుంది. పీల్చడం ఆపితే వాల్వు మూసుకుంటుంది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్టో, ఎమిల్ గన్యాన్ కలిసి దీన్ని తయారుచేశారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క గ్యాసుతో కార్లు నడపడానికి వాడిన వాల్వును గన్యాన్ నీళ్ళలోకి దించాడు. ఇవాళ ఖరీదైన రెగ్యులేటర్లోనూ, చవకదానిలోనూ మూలసూత్రం అదే.

తేడా లేదా అంటే, ఉంది. చవకరకం అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్‌లో సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ పీల్చడం కాస్త బరువనిపిస్తుంది. ఖరీదైన బ్యాలెన్స్‌డ్ రకంలో మొదటి శ్వాస ఎంత తేలికో చివరి శ్వాసా అంతే తేలిక. 40 మీటర్ల లోతున, ఎదురు ప్రవాహంలో, ఒకే సిలిండర్ నుంచి ఇద్దరు పీల్చాల్సి వచ్చినప్పుడు ఆ తేడా నిజంగా విలువైనదే. కానీ కోర్సు ముగించిన కొత్తవాడి హద్దు 18 మీటర్లు. యూరప్‌లో అమ్మే రెగ్యులేటర్ ఈఎన్ 250 అనే ప్రమాణం దాటాలి. యంత్రానికి తగిలించి, 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో, నిమిషానికి 62.5 లీటర్ల చొప్పున గాలి లాగిస్తారు. నెమ్మదిగా ఈదే డైవర్ నిమిషానికి పీల్చేది 15, 20 లీటర్లు. ఆ షాపులో అన్నిటికంటే చవకైన రెగ్యులేటరూ ఆ పరీక్ష దాటి వచ్చిందే. స్కూబాప్రో ఎంకే2 లాంటి పాతకాలపు పిస్టన్ రకాన్ని అద్దె కేంద్రాలు ఇష్టపడేది కేవలం చవకని కాదు. కదిలే భాగాలు తక్కువ, చెడేందుకు అందులో పెద్దగా ఏమీ ఉండదు. మా ఊరి పాత ఆయిలింజన్ల మీద మెకానిక్కులకు ఉండే గౌరవం లాంటిది అది.

అయితే మనుషులు నీటి అడుగున దేనివల్ల చచ్చిపోతున్నారు? డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 స్కూబా మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. మొదటి తప్పు ఎక్కడ జరిగిందో తేల్చగలిగిన కేసుల్లో 41 శాతానికి మూలం గాలి అయిపోవడం. 20 శాతం ఎక్కడో చిక్కుకుపోవడం. పరికరాల ఇబ్బంది 15 శాతం. గాలి అయిపోవడమంటే రెగ్యులేటర్ మోసం చేయడం కాదు. ముల్లు పడిపోతుంటే మనిషి చూసుకోకపోవడం. 11 లీటర్ల సిలిండర్లో 200 బార్లు ఉంటే 2,200 లీటర్ల గాలి. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు కాబట్టి ఖర్చూ రెట్టింపు. కంగారులో నిమిషానికి 30 లీటర్లు పీల్చేవాడు అక్కడ 60 పీలుస్తాడు. అరగంట దాటగానే అడుగంటుతుంది. ఆ లెక్క తెలియనివాడి నోట్లో 92,000 రెగ్యులేటర్ పెట్టినా 30,000ది పెట్టినా గాలి అదే నిమిషానికి అయిపోతుంది. ఖరీదైనది చివరిదాకా తేలిగ్గా గాలి ఇస్తుంది కాబట్టి, పీల్చడం బరువెక్కుతోందన్న ఆ చిన్న హెచ్చరిక కూడా వాడికి అందదు.

ఇంకొకటి నా ఒంటి మీద అనుభవమే. మేం ఈత నేర్చుకుంది మోటబావిలో. నడుముకు ఎండు బెండ్లు కట్టి తోసేవాళ్ళు, నాలుగు రోజులకు ఒక బెండు తగ్గించేవాళ్ళు, చివరికి ఏమీ లేకుండా. ఖర్చు సున్నా. ఈత వచ్చాక పందెం. గట్టు మీది నుంచి రూపాయి బిళ్ళ వేస్తే అడుగుకు పోయి తేవాలి. మా చిన్నాయన నేర్పిన మొదటి పాఠం "ఊపిరి బిగబట్టు." ముప్పయ్యేళ్ళ తర్వాత అండమాన్‌లో బోధకుడు చెప్పిన మొదటి పాఠం, రాసి సంతకం కూడా పెట్టించుకున్నది, "ఎప్పుడూ ఊపిరి బిగబట్టకు." బావిలోకి తీసుకుపోయే గాలి గట్టు మీద పీల్చింది. పైకి వచ్చేసరికి దాని పరిమాణం మొదటిదే అవుతుంది. సిలిండర్ గాలి పది మీటర్ల అడుగున పీల్చింది. బిగబట్టి పైకి వస్తే రొమ్ములో అది రెట్టింపవుతుంది. ఊపిరితిత్తులు చిరిగి, గాలి బుడగ రక్తంలోకి పోయి మెదడుకు చేరితే మనిషి పైకొచ్చిన నిమిషాల్లో పడిపోతాడు. మనిషి కంగారు పడగానే దేహానికి గుర్తొచ్చేది చిన్నప్పటి పాఠమే. మొదటి రోజు బోధకుడు నా నోటి వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపాడు. బుడగలు రావడం లేదు. నేను బావిలో ఉన్నాననుకుంటున్నాను.

ఆ బావి అలవాటు పోవడానికి నాకు పన్నెండు మునకలు పట్టింది. దాన్ని పోగొట్టే మీట ఏ షాపులోనూ అమ్మరు. అది నీళ్ళలో గంటలు గడిపితే పోతుంది, ఆ గంటలకు డబ్బు కావాలి. ఆ డబ్బు ఎక్కడిది? సామానుకు పోసేసిన డబ్బే కదా.

మాస్క్ గురించి చెప్పకపోతే అన్యాయం. మొదటి సెలవుల్లో ఒక పెద్దమనిషి సలహా మీద 8,500 పెట్టి కొన్నాను. గాజు తేటగా ఉంది, సిలికాన్ అంచు మెత్తగా ఉంది, నీళ్ళు మాత్రం ధారగా లోపలికి వస్తున్నాయి. పట్టీ బిగిస్తే ఇంకా ఎక్కువ. మునక మునకకూ ముక్కుతో ఊది నీళ్ళు వెళ్ళగొట్టడమే సరిపోయింది, చేపలు చూసింది లేదు. అండమాన్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. పడవ నడిపే పెద్దాయన తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం వాడు. ఆయన మూడు రోజులు చూసి చూసి, "అద్దానిది కాదు బాబూ తప్పు, మీ మీసానిది. ముక్కు కింద కొంచెం గీయించీండి" అన్నాడు. ఇరవై రూపాయల రేజర్‌తో మీసం పై అంచున పొగాకు కాడ మందాన చారిక గీశాను. నీళ్ళు ఆగిపోయాయి. మన మగవాళ్ళలో సగం మంది మీసాలవాళ్ళే, అయినా మాస్క్ అమ్మేవాడెవడూ ఈ ముక్క చెప్పడు. అసలు మాస్క్ కొనేటప్పుడు చూడాల్సింది ధర చీటీ కాదు. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగితే, చేయి వదిలినా అది అతుక్కుని నిలబడాలి. నిలబడితే 2,400ది చాలు. కొత్త గాజు మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చే జిడ్డు పొరను తెల్ల టూత్‌పేస్టుతో రుద్ది వదిలించాలి, నీళ్ళలోకి దిగే ముందు కాస్త ఉమ్మి రాయాలి. ఆవిరి పట్టదు.

"ఒక్కసారి మంచిది కొంటే పదేళ్ళు వస్తుంది" అనేవాళ్ళకు కాస్త కూడికలూ భాగహారాలూ. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఏటా ఒక్క సెలవు. అలాంటివాడు ఏడాదికి ఆరు మునకలు వేస్తే గొప్ప. అయిదేళ్ళకు 30. రెండు లక్షల అరవై నాలుగు వేలను 30తో భాగిస్తే మునకకు 8,800. ఇది సామాను వరకే. పడవ, సిలిండర్, గైడు ఖర్చు ఎలాగూ ఉంటుంది. రెగ్యులేటర్‌కు వాడినా వాడకపోయినా కాలానికి సర్వీసు చేయించాలి, ఎందుకంటే లోపలి రబ్బరు రింగులు వాడకం లేకుండా కూడా ముసలివవుతాయి. దేశీయ విమానంలో చాలామందికి దొరికే లగేజీ 15 కిలోలు. సామానే దాన్ని మింగేస్తుంది, లుంగీ పెట్టుకునే చోటుండదు.

ఇక్కడే వాళ్ళ వాదన తలకిందులవుతుంది. నాకు తెలిసిన ఒకతను కోర్సు అయిన నెలకే అంతా కొన్నాడు. మూడేళ్ళలో వేసినవి 11 మునకలు. మిగతా కాలం ఆ బ్యాగు అపార్ట్‌మెంటులో మంచం కింద ఉంది. నాలుగో ఏడు నీళ్ళలోకి దిగితే, నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క చీలి, గాలితో పాటు ఉప్పునీళ్ళు గుటక పడ్డాయి. మూడు మీటర్ల లోతే కాబట్టి దగ్గుతూ పైకొచ్చాడు. "సొంతది కదా, చూసుకునే పనేముంది అనుకున్నా" అన్నాడు. అద్దె కేంద్రంలోని రెగ్యులేటర్ రోజూ తడుస్తుంది, రోజూ మంచినీళ్ళలో కడుగుతారు, పాడైతే అదే రోజు తెలిసిపోతుంది. ఏడాదికి ఆరుసార్లు వాడే సొంత సామాను కంటే రోజూ వాడే అద్దె సామాను మీద నాకు నమ్మకం ఎక్కువ. పశువుల కొట్టంలోని మోటారును ఇప్పుడు బోర్లోకి దించితే తిరుగుతుందని చిన్నాయనే పూచీ ఇవ్వడు.

"మరి అద్దె కేంద్రం వాడు నిర్లక్ష్యపు మనిషైతే?" వాళ్ళ చేతిలోని బలమైన అస్త్రం ఇదే, నేను దాన్ని తప్పించుకోను. అలాంటి కేంద్రాలు ఉన్నాయి. ఒకచోట నాకిచ్చిన రెండో దశ నోట్లో పెట్టుకోకముందే గాలి కక్కుతోంది. మార్చమంటే యజమాని ముఖం చిట్లించి "ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదే" అన్నాడు. నేను దిగలేదు, అడ్వాన్సు పోయింది. అయితే అలాంటిచోట సొంత రెగ్యులేటర్ ఉంటే మాత్రం బతికిపోతామా? లక్షలు పోసి కొన్నవాడైనా సిలిండర్ ఇంటి నుంచి మోసుకుపోడు. గాలి వాడిదే పీల్చాలి. గాలి నింపే కంప్రెసర్ మూతి పడవ ఇంజను పొగ వైపు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్లోకి చేరుతుంది, దానికి వాసన ఉండదు, ఒత్తిడిలో దాని విషం పెరుగుతుంది. నిర్లక్ష్యపు కేంద్రంలో సొంత సామానుతో దిగడమంటే, కల్తీ నూనెను వెండి గిన్నెలో పోసుకోవడం. అటువంటి చోట చేయాల్సింది వెనక్కి తిరిగి రావడమే, దానికి సామానక్కర్లేదు.

మంచి కేంద్రమో కాదో తెలుసుకోవడానికి కళ్ళూ నోరూ చాలు. కంప్రెసర్ ఎక్కడుందో చూపించమనాలి. సిలిండర్ మీద పరీక్ష చేసిన తేదీ ముద్ర చదవాలి. నాలుగు శ్వాసలు పీలుస్తూ గేజి ముల్లు చూడాలి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి దూకి పైకి లేస్తుంటే వాల్వు సరిగా తెరవలేదన్నమాట. గాలిలో నూనె కంపు తగిలితే ఆ సిలిండర్ వద్దనాలి. ఈ పరీక్షలు ఏ పుస్తకమైనా చెబుతుంది. మనవాళ్ళు చేయరు. ఎందుకు చేయరంటే మొహమాటం. పదిమంది ముందు "ఇది మార్చండి" అనడానికి నోరు రాదు. మొహమాటం మీద మనకో సామెత ఉంది, ఇక్కడ రాయను, మీకు తెలుసు. నా అనుమానం ఏమిటంటే, సొంత సెట్టు కొనేవాళ్ళలో చాలామంది భద్రత కోసం కొనడం లేదు, అడగాల్సిన పని తప్పుతుందని కొంటున్నారు. రెండున్నర లక్షలిచ్చి మొహమాటాన్ని కాపాడుకుంటున్నారు.

నా మాటలు విని ఎగిరి గంతేసే ఇంకో జట్టు ఉంది, వాళ్ళతోనూ నాకు పడదు. "అదీ మాట! గజ ఈతగాడికి సిలిండరెందుకు, దమ్ముండాలి గానీ" అనేవాళ్ళు. ఈ జట్టు కచ్చులూరును ఉదాహరణగా తెస్తుంది. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అందులో 77 మంది. 26 మంది బయటపడ్డారు. పెద్ద పెద్ద బృందాలు వచ్చినా సుడిలో బోటును కదిలించలేకపోతే, కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళు, పొక్లెయిన్‌తో పట్టి అక్టోబర్ 22న ఒడ్డుకు లాగింది. చూశారా, ఆధునిక యంత్రాలు ఓడిపోయాయి, నాటు తెలివి గెలిచింది అంటారు. బావిలో పడిన బిందెను పాతాళభైరవి గాలంతో తీసిన జాతికి ఆ కథ తియ్యగా ఉండడం సహజం. సగం కథ వదిలేస్తున్నారు. ఆ తాళ్ళు బోటుకు బిగించడానికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటి అడుక్కు దిగారు, ఊపిరి బిగబట్టి కాదు. పైగా సత్యం గారు తెచ్చింది దమ్ము ఒక్కటే కాదు. ఏ తాడు ఎంత లాగితే తెగుతుందో ఏళ్ళ తరబడి నేర్చుకున్న లెక్క.

ఆ రోజు గురించి నా మనసులో నిలిచింది మాత్రం లంగరు కాదు, లైఫ్ జాకెట్. ఉక్కగా ఉందని, భోజనాల వేళైందని చాలామంది వాటిని విప్పేశారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. కచ్చులూరు గిరిజనులు, జాలరులు నాటు పడవలేసుకుని వచ్చి అందినవాళ్ళను లాగారు. ఒంటి మీద తేలే వస్తువు ఉన్నవాళ్ళు ఆ పడవలు వచ్చేదాకా నీటి మీద ఉండగలిగారు. ఆ రోజు ప్రాణానికీ చావుకూ నడుమ నిలబడింది నారింజ రంగు గుడ్డలో కుట్టిన బెండు. దాని ఖరీదు నా కొటేషన్లోని మాస్క్ ఖరీదులో ఎన్నో వంతు?

మా వైపు చెరువుల్లో, కుంటల్లో, క్వారీ గుంతల్లో ఏటా సెలవుల్లో పిల్లలు పోతూనే ఉంటారు. పేపర్లో రెండు అంగుళాల వార్త, గజ ఈతగాళ్ళు రెండు గంటలు గాలించారని ఒక వాక్యం. ఆ గజ ఈతగాడు ఎవడో పొలం పని చేసుకునే కుర్రాడు. చెయ్యి కనబడని బురద నీళ్ళలోకి నిక్కరుతో దిగుతాడు, బయటికొచ్చాక ఎవరో కాఫీ తాగిస్తారు. వాడి దమ్మును పొగిడి వాడికి తాడు కూడా కొనివ్వకపోవడం పొదుపు కాదు, సిగ్గులేనితనం. కంభం చెరువంత చెరువు గట్టు మీద కూడా, మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ళ క్యాను ఒకదాన్ని పొడుగాటి తాడుకు కట్టి వేలాడదీస్తే, మునిగేవాడి తల నీటి పైన నిలబడుతుంది. ఊరి వాటర్ ప్లాంటులో పాత క్యాన్లు కుప్పగా పడి ఉంటాయి. "ప్రాణం కంటే ఎక్కువా" అని అడగాల్సిన చోటు ఇది. ఇక్కడెవరూ అడగరు, ఇక్కడ కమీషన్ లేదు కనుక.

సరే, నువ్వేం కొన్నావయ్యా అంటారు. చెబుతాను. మీసానికి లొంగని రెండో మాస్క్ 2,400. డైవ్ కంప్యూటర్ 23,500. దీన్ని మాత్రం అద్దెకు తీసుకోవద్దని నేనే అంటాను. రెండు మూడు రోజుల్లో వరసగా వేసిన మునకల్లో ఒంట్లో ఎంత నైట్రోజన్ పేరుకుందో అది గుర్తుంచుకోవాలి, నిన్న ఇంకొకడి చేతికున్న యంత్రానికి నా ఒంటి లెక్క తెలియదు. 54,000 దానిలో రంగుల తెర ఉంది, సిలిండర్ ఒత్తిడి చేతి మీదే కనబడుతుంది. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్బర్ట్ బూల్మన్ కట్టిన నైట్రోజన్ లెక్కలే చవకవాటిలో చాలావాటిలోనూ, ఖరీదైనవాటిలో చాలావాటిలోనూ నడుస్తున్నాయి. ఇంకో 2,100తో గాలి ఊదితే నిటారుగా నిలబడే నారింజ గొట్టం, ఈల. ప్రవాహం పడవకు దూరంగా లాక్కుపోయినప్పుడు అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనబడదు, ఆ గొట్టం కనబడుతుంది. మొదటి మాస్క్ కాక మొత్తం 28,000. రేజర్‌తో కలిపి 28,020.

కొటేషన్ మొత్తంలో మిగిలింది 2,35,980. అద్దె సామానుతో సహా మునకకు 4,500 వేసుకున్నా 50 మునకలు, పైన 10,980 డైవింగ్ బీమాకు. యాభై మునకలు వేసినవాడు తనకేం కావాలో తనే చెప్పగలడు. ఫిన్స్ మెత్తవా గట్టివా, జాకెట్ రొమ్ము దగ్గర బిగుస్తోందా, నడుముకు సీసం ఎన్ని కిలోలు చాలు. మొదటి రోజు నాకు ఎనిమిది కిలోల సీసం కట్టారు, ఇరవయ్యో మునకకు నాలుగుతో నడిచిపోయింది. మొదట్లోనే జాకెట్ కొని ఉంటే ఆ ఎనిమిదికి తగ్గట్టు పెద్దది కొనేవాణ్ణి. వారం వారం నీళ్ళలోకి దిగేవాళ్ళు, అద్దె సైజుల్లో పట్టని ఒళ్ళున్నవాళ్ళు, పవర్ అద్దాలు తప్పనిసరైనవాళ్ళు కొనుక్కోవాల్సిందే, వాళ్ళతో పేచీ లేదు. నా పేచీ రుషికొండ బీచ్‌లో ఒక్క పూట మునిగొచ్చి సోమవారానికల్లా కార్డు గీకే కుర్రాళ్ళతో, వాళ్ళ చేత గీకించే అన్నలతో.

వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి పడిన నాటి నుంచీ నీళ్ళ పేరుతో జరిగే ఖర్చును చూస్తూ పెరిగిన ప్రాంతం మాది. ఎంత పోశారు అన్నది మావాళ్ళకు పెద్ద వార్త కాదు, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అనే అడుగుతారు.

పండగ అయి తిరుగు ప్రయాణమయ్యే రోజు ఆ కొటేషన్ కాగితం కోసం వెతికితే అరుగు మీద కనబడలేదు. చిన్నాయన జేబులో ఉంది. వెనక వైపు తెల్లగా ఉందని కంది కోతకు వచ్చిన కూలీల లెక్క దాని మీద రాసుకున్నాడు. "నీకు కావాల్నా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.